ఆక్సలాటిల్ కదలకుండా పడి ఉండటం సహజమేనా?

కృష్ణాతీరం (విజయవాడ):
మా ఆక్సలాటిల్ (బతుకంతా నీళ్లలోనే గడిపే, బల్లి ఆకారపు ఉభయచరం) పగలంతా తొట్టి అడుగున కదలకుండా ఉంటుంది. అప్పుడప్పుడు పైకి వచ్చి గాలి మింగి దిగిపోతుంది. వేసవి మొదలయ్యాక ఈ రాకపోకలు బాగా పెరిగాయి. దాని స్వభావమే అంత అని కొందరు, జబ్బు అని కొందరు అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?

నీలాటిరేవు:
స్వభావమేనండి. మెక్సికో నగరంలోని సోచిమిల్కో కాలువలు దీని సొంత ఊరు. అక్కడ అడుగున మాటు వేసి, నోటి దగ్గరకు వచ్చిన పురుగును నీటితో సహా లోపలికి లాగేస్తుంది. కనురెప్పలు లేవు, వెలుతురు గిట్టదు. తల పక్కన ఈకల్లా బయటికి కనిపించే మొప్పలతో పాటు ఊపిరితిత్తులూ ఉన్నాయి కనుక గాలి మింగడం మామూలే. కంగారుపడి ఊరికే తొట్టి కెలికేవాళ్లే దానికి ఎక్కువ హాని చేస్తారు.

తుమ్మెద:
మీరు చెప్పిన లక్షణాలన్నీ నిజమే. కానీ నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో అడగకుండానే స్వభావమని ఎలా తేల్చేశారు? సోచిమిల్కో సముద్రమట్టానికి 2,200 మీటర్లకు పైగా ఎత్తున ఉంది, అందుకే అక్కడి నీళ్లు చల్లన. ఈ జీవికి 16 నుంచి 18 డిగ్రీలు హాయి, 24 దాటితే ప్రమాదం. నీళ్లు వేడెక్కిన కొద్దీ వాటిలో కరిగి ఉండే ఆక్సిజన్ తగ్గుతుంది, జీవికి దాని అవసరం పెరుగుతుంది. వేసవిలోనే రాకపోకలు పెరిగాయంటే ఊపిరాడక వస్తోందేమో చూడాలి కదా!

కృష్ణాతీరం గారూ, కాసేపు తొట్టి ముందు కూర్చోండి. తీరిగ్గా పైకి వచ్చి, నోరు తెరిచి మూసి, దిగాక ఒక బుడగ వదిలి, నాలుగు కాళ్లూ నేలకు ఆనించి పడుకుంటే దిగులు లేదు. మొప్పలు ముందుకు వంగి ఉంటే ఫిల్టరు ధార జోరు ఎక్కువై ఉండవచ్చు. తోక కొస కొక్కెంలా మెలితిరిగితే ఏదో ఇబ్బంది పెడుతున్నట్టే. నీళ్లు కూడా పరీక్షించండి: వ్యర్థాల వల్ల చేరే విషాలు అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి.

నీలాటిరేవు:
థర్మామీటరు చూడమనడం సబబే. కానీ అంకె చూసి బెదిరి ఐసుగడ్డలు గుమ్మరిస్తారు. ఒక్కసారిగా చల్లబడటం కూడా హానికరమే. మొప్పలు పాలిపోయాయని భయపడేవారూ ఉన్నారు, విశ్రాంతిలో రంగు తగ్గడం మామూలే.

తుమ్మెద:
ఐసు విషయంలో మీతోనే ఉన్నాను. అయితే కోస్తాలో ఫ్యాను గాలి మీద ఆధారపడటం కుదరదు. గాలిలో తేమ ఎక్కువ కనుక నీళ్లు తొందరగా ఆవిరి కావు, చల్లబడవు. చిల్లర్ (తొట్టి నీళ్లను చల్లబరిచే యంత్రం) పెట్టలేని ఇంట్లో ఈ జీవిని పెంచకూడదన్నదే నా మాట.

నీలాటిరేవు:
అది మరీ కఠినం. ఏసీ గదిలో చక్కగా పెంచుతున్నవారు ఉన్నారు.

తుమ్మెద:
రాత్రింబవళ్లు ఏసీ నడిస్తే సరే. రోజూ మధ్యాహ్నం ఆపేస్తే ఆ ఎగుడుదిగుడు దానికి మరో బాధ.

కృష్ణాతీరం:
ఇప్పుడే చూశాను, 27 ఉంది. నిన్నటి నుంచి వానపాము ముక్క కూడా ముట్టలేదు.

తుమ్మెద:
అయితే వెంటనే లైటు ఆర్పండి. సీసాలో నీళ్లు గడ్డకట్టించి, మూత బిగించి తొట్టిలో తేలనివ్వండి. వేడి నెమ్మదిగా దిగాలి, గంటగంటకూ థర్మామీటరు చూడండి. ఈలోగా ఉభయచరాలను చూసే పశువైద్యులెవరైనా దగ్గరలో ఉన్నారేమో ఫోను చేసి కనుక్కోండి.