పెద్ద సదస్సుకా, చిన్న వర్క్‌షాప్‌కా? కాస్త చెప్పండి
తిరుపతిలో పీహెచ్‌డీ చేస్తున్నా, ఎర్రచందనం విత్తనాల మీద. శేషాచలం చెట్టే అయినా కాయ గట్టిది, ఓ పట్టాన మొలకెత్తదు. ఈ ఏడాది ఒక్కదానికే డబ్బులిస్తామన్నారు గైడ్ సార్: హైదరాబాద్‌లో వేలమంది వచ్చే సదస్సా, ఏర్పేడులో ముప్పై మంది వర్క్‌షాపా?

2017లో మా ఎస్వీ యూనివర్సిటీలో 104వ ఇండియన్ సైన్స్ కాంగ్రెస్ జరిగినప్పుడు డిగ్రీ కుర్రాణ్ణి. తిరునాళ్లే అనుకోండి! నోబెల్ గ్రహీతలు వచ్చారని మురిసిపోయా, మాట్లాడిందెవరితో? పోయినేడు ఇంకో పెద్ద సదస్సులో నా పోస్టర్ దగ్గర ఆగింది ఒక్క పెద్దాయన. "భోజనాలు ఎటు బాబూ?" అన్నారు.

కానీ పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన ఉద్యోగం) వెతుక్కోవాలి మరి. చిన్నదాంట్లో అన్నీ తెలిసిన ముఖాలే ఉంటాయేమో. రెండింటికీ వెళ్లినవాళ్లు చెప్పండి, తర్వాత మెయిల్ పెడితే జవాబిచ్చే పరిచయాలు ఎక్కడ దొరికాయి? నారాయణాద్రిలో వెయిటింగ్ లిస్టు పెరిగిపోతోంది.