అప్‌డేట్: ఈస్టర్ గుడ్లకు రంగు పట్టింది (తిరుపతి)

పిల్లలతో ఈస్టర్ గుడ్లకు బీట్‌రూట్ రంగు వేస్తుంటే చేతులకు అంటుతోంది గానీ పెంకుకు పట్టడం లేదని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. పనిచేసింది వెనిగరే. కప్పు రంగునీళ్లలో ఒక చెంచా కలిపితే ఆ పులుపుకు పెంకు పైపొర కాస్త కరిగి రంగు పట్టుకుంటుంది. పెంకు మీద సన్నటి బుడగలు లేస్తుంటే మా చిన్నది గిన్నె దగ్గర నుంచి కదలలేదు! బీట్‌రూట్ కన్నా ఉల్లిపొట్టు నయం. పొట్టు మరిగించి చల్లార్చిన నీళ్లలో గుడ్లు వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే మంచి ఇటుక రంగు వచ్చింది. నాటుకోడి గుడ్లే కావాలన్నారు కొందరు, అక్కర్లేదు; తెల్లటి ఫారం గుడ్ల మీదే రంగు బాగా తేలింది. ఉప్పు వేసినా తేడా ఏమీ లేదు. తినాలనుకుంటే మాత్రం మన ఎండలకు బయట ఉంచకండి.