డేకేర్ సబ్సిడీ మంజూరైంది, కానీ దగ్గరలోని డేకేర్ తీసుకోనంటోంది

ప్రశ్న (టెక్సస్‌లో ఉంటున్న ఒక తల్లి)

అందరికీ నమస్కారం. మావారు ఒక గ్యాస్ స్టేషన్ స్టోర్‌లో వారానికి 40 గంటలు పనిచేస్తారు. నాకు ఒక స్కూల్ కెఫెటేరియాలో వారానికి 20 గంటల పని దొరికింది. మా ఇద్దరికీ గ్రీన్‌కార్డులు ఉన్నాయి, రెండేళ్ల మా పాప ఇక్కడే పుట్టింది. చాలాకాలం వెయిటింగ్ లిస్ట్‌లో ఉన్నాక మా వర్క్‌ఫోర్స్ బోర్డు (మా ప్రాంతంలో ఈ పథకాన్ని నడిపే సంస్థ) నుంచి డేకేర్ ఫీజులో ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీకి అర్హత ఉందని ఉత్తరం వచ్చింది. అయితే మా వీధికి దగ్గరలో ఇంట్లోనే డేకేర్ నడిపే తెలుగావిడ "సబ్సిడీ మీద వచ్చే పిల్లల్ని నేను చేర్చుకోనమ్మా" అని మర్యాదగానే చెప్పేశారు. ఆవిడ దగ్గర పాప బాగా మాలిమి అయింది కాబట్టి నాకు బాధగా ఉంది. డబ్బు ప్రభుత్వమే ఇస్తున్నప్పుడు వద్దనడానికి కారణం ఏమై ఉంటుంది? అలాగే మావారి జీతం పెరిగితే ఇది ఆగిపోతుందా? వచ్చే నెల విజిటర్ వీసా మీద వస్తున్న మా అమ్మకే ఈ డబ్బు ఇప్పించుకోవచ్చని ఒకరు సలహా ఇచ్చారు, అది నిజమేనా?

సమాధానం 1 (డేకేర్ నిర్వాహకురాలు)

అమ్మా, నేనూ ఇంట్లోనే డేకేర్ నడుపుతున్నాను కాబట్టి ఆవిడ వైపు నుంచి చెబుతాను. ముందుగా ఆవిడ ఏ రకం అనుమతి మీద నడుపుతున్నారో కనుక్కోండి. టెక్సస్‌లో లిస్టెడ్ హోమ్ అంటే బంధువుల పిల్లల్ని చూసుకునే సందర్భంలో తప్ప సబ్సిడీ రాదు. రిజిస్టర్డ్ హోమ్ గానీ లైసెన్స్డ్ హోమ్ గానీ అయి ఉండాలి, ఆపైన టెక్సస్ రైజింగ్ స్టార్ అనే నాణ్యతా వ్యవస్థలో చేరాలి. ఆవిడ లిస్టెడ్ హోమ్ అయితే, చేర్చుకోవాలని ఉన్నా కుదరదు.

అనుమతి సరిగ్గానే ఉంటే అసలు చిక్కు డబ్బు వచ్చే తీరులో ఉంటుంది. ప్రైవేటుగా ఫీజు కట్టే తల్లిదండ్రులు సోమవారం ఉదయం పాపను దింపేటప్పుడే ఆ వారం డబ్బు ఇచ్చేస్తారు, పాప జ్వరంతో రెండు రోజులు రాకపోయినా ఫీజు మారదు. సబ్సిడీలో మాత్రం ముందు పిల్లల్ని చూసుకుని, తల్లిదండ్రులు ఫోన్‌లో నమోదు చేసిన హాజరును అధికారులు సరిచూశాక చెల్లించడం చాలా రాష్ట్రాల్లో ఏళ్ల తరబడి సాగిన పద్ధతి. ఒక తల్లి సాయంత్రం హడావిడిలో యాప్‌లో పాప వెళ్లిన సమయం నొక్కడం మరిచిపోతే ఆ రోజు లెక్క కోసం నేను మళ్లీ ఫోన్లు చేసుకోవాలి. ఈలోగా సహాయకురాలి జీతం ఆగదు కదా. హాజరును కాకుండా డేకేర్‌లో చేరిన పిల్లలను బట్టి, ముందుగానే చెల్లించాలని 2024లో ఫెడరల్ నిబంధన తెచ్చారు కానీ, అమలుకు రాష్ట్రాలు అదనపు గడువు అడిగే వెసులుబాటు కూడా దానిలోనే ఇచ్చారు. అందుకే మీ బోర్డు ఇప్పుడు ఏ పద్ధతిలో చెల్లిస్తోందో ఆవిడతో కలిసి ఫోన్ చేసి అడగండి.

రేటు సంగతి ఇంకొకటి. ప్రభుత్వం ఇచ్చే రేటుకు ఆధారం కనీసం మూడేళ్లకొకసారి చేసే మార్కెట్ సర్వే. ఆ సర్వే చూసేది ఆ ప్రాంతంలో డేకేర్లు ఎంత వసూలు చేస్తున్నాయన్నదే గాని, బిడ్డను చక్కగా చూసుకోవడానికి నిజంగా ఎంత ఖర్చవుతుందన్నది కాదు. తల్లిదండ్రులు ఎక్కువ ఇచ్చుకోలేని పేటల్లో రేట్లు తక్కువగానే ఉంటాయి, దాన్ని చూసి సబ్సిడీ రేటూ తక్కువగానే పెడతారు. ఈ విధానం నాకు మొదటి నుంచీ అన్యాయంగానే తోస్తుంది. కరోనా తర్వాత 2021 చట్టం కింద డేకేర్లను నిలబెట్టడానికి నేరుగా ఇచ్చిన 2,400 కోట్ల డాలర్ల నిధి 2023 సెప్టెంబరు 30తో ముగిసింది. ఆ తర్వాత ఇలాంటి చిన్న డేకేర్లకు తమ ఫీజుకూ సబ్సిడీ రేటుకూ మధ్య తేడాను సర్దుకునే ఊపిరి తగ్గిపోయింది.

సమాధానం 2 (ఇదే పథకం పొందిన ఒక తండ్రి)

జీతం గురించి అంత భయపడనవసరం లేదండి. 2014లో సవరించిన ఫెడరల్ చట్టం ప్రకారం ఒకసారి అర్హత వచ్చాక కనీసం 12 నెలలు కొనసాగుతుంది. కుటుంబ ఆదాయం రాష్ట్ర మధ్యస్థ ఆదాయంలో 85 శాతం దాటనంత వరకు మధ్యలో వచ్చిన పెంపు వల్ల ఆపకూడదు. ఆ గీత దాటితే మాత్రం దాచకుండా వెంటనే తెలియజేయండి, లేదంటే తీసుకున్న డబ్బు తిరిగి కట్టమంటారు. ఉద్యోగం పోయినా వెతుక్కోవడానికి కనీసం 3 నెలల వ్యవధి ఇస్తారు. టెక్సస్‌లో ఇద్దరు తల్లిదండ్రులున్న ఇంట్లో పని, చదువు, శిక్షణ కలిపి వారానికి 50 గంటలు చూపించాలి. మీవి 60 గంటలు కాబట్టి ఇబ్బంది ఉండదు. ఇక పౌరసత్వం, వీసా విషయంలో ఈ పథకం చూసేది బిడ్డ స్థితినే. ఇక్కడ హెచ్4 (హెచ్1బి ఉద్యోగి మీద ఆధారపడినవారికిచ్చే వీసా) మీద ఉండి పని అనుమతి లేని తల్లులు చాలామంది బిడ్డ అమెరికన్ కదా అని దరఖాస్తు చేసి, గంటల లెక్క దగ్గర ఆగిపోతున్నారు.

మీ అమ్మగారి విషయంలో ఆ సలహా ఇచ్చిన వారి మాట దయచేసి వినకండి. విజిటర్ వీసా మీద వచ్చినవారు డబ్బు తీసుకుని మనవరాలిని చూసుకున్నా అది అనుమతి లేని పని కిందికే వస్తుంది. అమ్మమ్మ ప్రేమగా చూసుకోవడం వేరు, ప్రభుత్వ చెల్లింపులో ఆవిడ పేరు ఎక్కడం వేరు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆవిడను అడిగాను, రిజిస్టర్డ్ హోమ్ అనే చెప్పారు. తన ఫీజుకూ బోర్డు ఇచ్చేదానికీ మధ్య తేడా మేమే కట్టుకుంటామంటే ఒప్పుకుంటారేమో అనిపిస్తోంది. అలా కట్టవచ్చా?

సమాధానం 3 (డేకేర్ నిర్వాహకురాలు)

అది బోర్డును బట్టి ఉంటుంది. కొన్ని బోర్డులు తేడా వసూలు చేయడాన్ని నిషేధించాయి. ఫీజులో మీకు నిర్ణయించిన నెలవారీ వాటా ఎలాగూ కట్టాలి, ఈ తేడా దాని మీద అదనం అవుతుంది. కాబట్టి నోటిమాటగా ఒప్పుకోకుండా బోర్డు నుంచి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. మీ జేబులోంచి కట్టిన భాగానికే పన్నుల సమయంలో ఛైల్డ్ కేర్ క్రెడిట్ (పన్నులో తగ్గింపు) అడగవచ్చు, ఒక బిడ్డకు లెక్కలోకి వచ్చే ఖర్చు ఏడాదికి 3,000 డాలర్ల వరకు. దానికి ఆవిడ ట్యాక్స్ నంబర్ కావాలి కనుక రసీదులు మొదటి నెల నుంచే అడిగి ఉంచుకోండి.

ఆవిడ రైజింగ్ స్టార్‌లో ఇంకా చేరకపోతే, చేరేటప్పుడు సహాయం చేసే మెంటర్లు బోర్డులోనే ఉంటారని చెప్పండి. కాగితాలకు జడిసి వెనకాడేవారిని నేను చాలామందిని చూశాను. ఈలోగా ఉత్తరంలో ఇచ్చిన గడువు తేదీ ఎప్పుడో చూసుకోండి, దాటితే మళ్లీ లిస్ట్ చివరికి వెళ్లాల్సి రావచ్చు. అవసరమైతే బోర్డు జాబితాలోని మరో డేకేర్‌లో చేర్చి, ఆవిడ సిద్ధమయ్యాక మార్పించుకోవచ్చేమో కేస్‌వర్కర్‌ను అడగండి.