తిరుపతిలో 60 వేలకు గేమింగ్ పీసీ: ఈ కొటేషన్ సరేనా?

ప్రశ్న: అన్నా, 1080పీ (ఫుల్ హెచ్‌డీ) ఆటలకు చాలు. షాపులో రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్కు, పేరూ ఊరూ లేని ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు ఇచ్చే డబ్బా) రాసిచ్చినారు.

జవాబు: ప్రాసెసర్, కార్డు ఓకే. ర్యామ్ 8 జీబీవి రెండు తీసుకో. ఒక్కటైతే డ్యూయల్ ఛానెల్ (రెండు స్టిక్కులూ జతగా పనిచేసి స్పీడు పెరగడం) ఉండదు, ఆటలో సెకనుకు వచ్చే ఫ్రేములు పడిపోతాయి. నాలుగు స్లాట్ల బోర్డయితే ప్రాసెసర్ వైపు నుంచి 2, 4లో గుచ్చు. బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ను దాని పూర్తి స్పీడులో నడిపే సెట్టింగు, ఆన్ చెయ్యకపోతే 3200 స్పీడు ర్యామ్ కూడా తక్కువ స్పీడులోనే నడుస్తుంది.

జవాబు: ఎస్‌ఎంపీఎస్ దగ్గర మాత్రం కక్కుర్తి వద్దబ్బా. ఆ కార్డు ఒక్కటే 170 వాట్లు లాగుతుంది. మంచి కంపెనీది 550 వాట్ల బ్రాంజ్ రేటింగుది (కరెంటు వృథా తక్కువని గుర్తు) పెట్టు. మన ఎండలకు ముందర గ్లాసున్న కేబినెట్ దండగ, గాలి ఆడదు, జాలీది చూడు.

ప్రశ్న: బిగించినాక డిస్‌ప్లే రాకపోతే?

జవాబు: 5600 ప్రాసెసర్‌లో సొంత గ్రాఫిక్స్ లేదు. హెచ్‌డీఎంఐ కేబుల్ మదర్‌బోర్డుకు కాదు, కార్డుకు పెట్టు.