ఆర్‌ఎక్స్ 100 ఇంజను ఇంట్లో విప్పాలి: బోరు ఒక్కటే చాలా, క్రాంకు కూడా దించాలా?

కావలి షెడ్డు
1993 మోడల్ యమహా ఆర్‌ఎక్స్ 100, టూస్ట్రోక్ బండి. ఆరేళ్లు రేకుల షెడ్డులో కదలకుండా ఉంది. పిస్టన్ పట్టేసుంటే ప్లగ్గు బొక్కలో కిరసనాయిలు పోసి రెండ్రోజులు నానబెడితే వదిలింది. ఇప్పుడు రెండు మూడు కిక్కులకే స్టార్ట్ అవుతుంది. కానీ తెల్లపొగ విపరీతం, వేడెక్కినా తగ్గట్లేదు. గేరాయిల్ లెవెల్ కూడా పడిపోతోంది, కింద చుక్క కారట్లేదు. రేజ్ చేస్తే కింది నుంచి టకటకమని శబ్దం. మెకానిక్ చూసి బోరు కొట్టించి (సిలిండరు లోపల కాస్త పెద్దది చేయించి) కొత్త పిస్టన్ వేస్తే చాలన్నాడు. పని నేనే చేసుకుందామని. స్పానర్ సెట్టు, ఫీలర్ గేజి ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ పని బయట ఇవ్వాలి?

ట్రంకురోడ్డు టూస్ట్రోక్
అబ్బయా, బోరుకి డబ్బులు పెట్టొద్దు ఇప్పుడే. నువ్వు చెప్పిన మూడు లక్షణాల్లో రెండు కింది ఇంజనువి.

కింద కారకుండా గేరాయిల్ తగ్గుతోందంటే అది పొగై పోతోంది. క్లచ్ వైపు క్రాంకు (పిస్టన్ తిప్పే కింది ఇరుసు) ఆయిల్ సీల్ గట్టిపడి, క్రాంకు గదిలో పీల్పు వచ్చినప్పుడల్లా గేరాయిల్ లోపలికి పోతుంది. సైలెన్సర్ దగ్గర వాసన చూడు, టూటీ ఆయిల్ (పెట్రోల్‌తో కలిసి కాలే టూస్ట్రోక్ నూనె) కాలిన వాసనకీ దీనికీ తేడా తెలిసిపోతుంది. మాగ్నెట్ (కరెంటు పుట్టించే చక్రం) వైపు సీల్ పోతే కథ వేరు: అక్కడ దూరేది గాలి. పొగ ఉండదు, రేసు దానంతటదే పైకి పోయి దిగదు, ప్లగ్గు తెల్లగా కాలుతుంది, చివరికి పిస్టన్ పట్టేస్తుంది. ఇన్నేళ్లు నిలబడిన బండికి రెండు సీళ్లూ మార్చాల్సిందే. క్లచ్ వైపుది మార్చడానికే సగం ఇంజను విప్పాలి.

ఇక శబ్దం. చల్లగా ఉన్నప్పుడు గట్టిగా వినిపించి వేడెక్కాక తగ్గితే పిస్టన్ వదులు. వేడెక్కినా, లోడు పడినప్పుడు ఇంకా పెరిగితే కనెక్టింగ్ రాడ్డు కింది బేరింగ్. హెడ్డు, బ్లాకు (సిలిండరు) తీసి రాడ్డుని నిట్టనిలువుగా పైకీ కిందికీ లాగి చూడు. ఆ దిశలో చేతికి ఏమాత్రం ఆట తెలిసినా రాడ్డు కిట్టు (రాడ్డు, దాని పిన్ను, బేరింగు) పోయినట్టే. పక్కలకు కదిలితే మాత్రం కంగారు పడొద్దు, కొంత కదలాలి. పై కొన దగ్గర 2 మి.మీ. దాటితేనే లెక్క.

సముద్రపు గాలి తగిలే చోట బండి నిలబడితే క్రాంకు బేరింగు గోళీలు ఎక్కడివక్కడ చెమ్మ పట్టి తుప్పు చుక్కలు పడతాయి. పైన కొత్త పిస్టన్ వేసి కింద ఆ బేరింగులే ఉంచితే వాటి పొడి కొత్త బోరులోకే వస్తుంది.

చీమకుర్తి స్పానర్
పైన అన్న చెప్పింది కరెక్టు. విప్పే పని గురించి నేను చెప్తా.

ఇంజను కేసు (క్రాంకు, గేర్లు ఉండే రెండు చెక్కల పెట్టె) స్క్రూలు పాత జపాన్ రకం స్టార్ స్క్రూలు. మామూలు స్క్రూ డ్రైవర్ పెడితే తలలు అరిగిపోతాయి. సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్ కొనుక్కో, ఈ పనికి అన్నిటికంటే అవసరమైంది అదే. రెండోది మాగ్నెట్ పుల్లర్. మూడు కాళ్ల పుల్లర్ అంచుకి తగిలించి లాగితే మాగ్నెట్ వంకరపోతుంది, మాగ్నెట్ మధ్యలో ఉన్న మరల్లోకి బిగిసేదే వాడాలి. లోపల చంద్రవంక కీ ఉంటుంది, జారిపడితే దొరకదు. క్లచ్ వైపు ప్రైమరీ గేరు నట్టు విప్పేటప్పుడు రెండు గేర్ల పళ్ల మధ్య రాగి ముక్క పెట్టి ఆపు. పిస్టన్ కింద స్పానర్ అడ్డం పెట్టి ఆపే అలవాటు చాలామందికి ఉంది, అది రాడ్డుని వంచుతుంది.

కేసు రెండు చెక్కలూ విడదీసేటప్పుడు మధ్యలో స్క్రూ డ్రైవర్ దూర్చొద్దు. అక్కడ పేపర్ గ్యాస్కెట్ లేదు, లిక్విడ్ గ్యాస్కెట్ మీదే ఆధారం. ఒక్క గాటు పడినా గాలి లాగుతుంది. అన్ని స్క్రూలూ తీశావా లేదా మళ్లీ లెక్కపెట్టుకుని ప్లాస్టిక్ సుత్తితో చుట్టూ తట్టు. చెక్క లేచేటప్పుడు గేరు షాఫ్టుల చివరి వాషర్లు నూనెకి కేసుకే అతుక్కుని వస్తాయి, తర్వాత ఎప్పుడో రాలతాయి. ఫోన్లో ఫొటో తీసుకుంటూ పో.

బేరింగులు దెబ్బలతో దించొద్దు. కేసుని 100 డిగ్రీల దాకా సమంగా వేడి చేస్తే చాలావరకు వాటంతటవే జారతాయి. కొత్తవాటిని ఫ్రిజ్‌లో పెట్టి, కేసు వేడి మీదుండగా వేస్తే చేత్తోనే కూర్చుంటాయి. పాత సీళ్లు ఆ వేడి చేయకముందే పీకేయి. కొత్తవి కేసు చల్లారాక, సీల్ లోపలి అంచుకి గ్రీజు రాసి ఎక్కించు.

కావలి షెడ్డు
థాంక్స్ అన్నలూ. బ్లాకు తీసి చూశా, రాడ్డు పైకీ కిందికీ స్పష్టంగా ఆడుతోంది. రాడ్డు కిట్టు బెంచి వైసులో నొక్కి ఇంట్లోనే వేసుకోవచ్చా? బోరు ఏ సైజుకి చెప్పాలి?

ట్రంకురోడ్డు టూస్ట్రోక్
వద్దు. ఈ పని మాత్రం బయటే. పిన్ను వంకర లేకుండా దిగాలంటే ప్రెస్సు ఉండాలి, తర్వాత డయల్ గేజి పెట్టి క్రాంకు రెండు కొనలూ ఒకే లైన్లో తిరిగేట్టు తట్టి సరిచేయాలి. 0.03 మి.మీ. లోపు రావాలి. నెల్లూరులోనో ఒంగోలులోనో ఇచ్చే ముందు "గేజి పెట్టి చూపిస్తారా" అని అడుగు. కళ్లతో చూసి సరిపోయిందనే చోట ఇవ్వొద్దు. రాడ్డు కిట్టు డూప్లికేట్లు విపరీతంగా ఉన్నాయి. చెన్నై పుదుపేట పార్టుల బజారు దాకా పోయి తెచ్చుకున్నా సరే, గోళీలు పట్టి ఉంచే చట్రం చూసి, పిన్నుని చేత్తో తిప్పి చూసుకుని కొను.

అసలు బోరు 50 మి.మీ. పైన 0.25, 0.50, 0.75, 1.00 సైజుల్లో పిస్టన్లు వస్తాయి. గీతలు పోయే అతి చిన్న సైజు ఎంచుకో, ముందు పిస్టన్ కొని దాంతో పాటే బ్లాకు లేత్ షాపుకి ఇవ్వు. పెట్టె మీద నంబరు చూసి కాదు, పిస్టన్ స్కర్టుని (కింది భాగాన్ని) మైక్రోమీటర్‌తో కొలిచి 0.04 నుంచి 0.05 మి.మీ. వదులు ఉంచమను. బోరు అయ్యాక పోర్టుల (సిలిండరు గోడలోని కిటికీల) అంచులు కత్తిలా ఉంటాయి, వాటిని సన్నగా గుండ్రం చేయించాలి. ఇది మర్చిపోతే రింగు పోర్టులో చిక్కి విరుగుతుంది. ఇంటికి తెచ్చాక వేడినీళ్లు, సబ్బుతో కడుగు. పెట్రోలుతో కడిగితే హోనింగ్ (బోరుని రాయితో సాపుచేసిన) పొడి గీతల్లోనే ఉండిపోతుంది. తెల్లగుడ్డతో తుడిస్తే నలుపు అంటకూడదు. ఆరగానే నూనె రాయి.

రింగుని బోరులో తిన్నగా దించి కొనల మధ్య సందు కొలువు: 0.15 నుంచి 0.35 మి.మీ. రింగు కొనలు పిస్టన్ గాడిలోని పిన్ను దగ్గర కూర్చోవాలి, పిస్టన్ మీది బాణం సైలెన్సర్ వైపు చూడాలి. పిన్ను లాకులు పాతవి మళ్లీ వేయొద్దు. హెడ్డు నట్లు ఎదురెదురుగా, మూడు దఫాల్లో.

కొత్తపట్నం గాలి
మూసేశాక గాలి పరీక్ష చేయకుండా కిక్కు కొట్టొద్దు. సైలెన్సర్ పోర్టు, కార్బురేటర్ దారి సైకిల్ ట్యూబు రబ్బరు, రేకు పెట్టి మూసేయి. ఆయిల్ పంపు పైపు దిగే చోటు కూడా మూయాలి, చాలామంది మర్చిపోయేది అదే. పాత ప్లగ్గు పింగాణీ పగలగొట్టి దాని గుల్లకి ట్యూబు తగిలించి, పిస్టన్ కిందికి దించి, బీపీ మిషను బల్బుతో 300 దాకా కొట్టు. నిమిషంలో 50 కంటే ఎక్కువ పడిపోతే సబ్బునీళ్లు పూసి బుడగ ఎక్కడొస్తుందో చూడు. బుడగ ఎక్కడా రాకుండా పడిపోతుంటే క్లచ్ వైపు సీల్ అనుమానించు, గేరాయిల్ పోసే బొక్క దగ్గర బుస్సుమంటుంది.

ఆయిల్ పంపు పైపుల్లో గాలి పోయేదాకా దాన్ని నమ్మొద్దు. మొదటి ట్యాంకు పెట్రోల్లో లీటరుకి 20 మి.లీ. టూటీ ఆయిల్ అదనంగా కలుపు. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ చెమ్మ లాగుతుంది, కాబట్టి వారం దాటి నిలబెట్టేటప్పుడు కార్బురేటర్ గిన్నె ఖాళీ చెయ్యి.

చీమకుర్తి స్పానర్
రెండు సంగతులు మిగిలాయి. కేసు పాడైందని వేరే కేసు కొంటే ఇంజను నంబరు మారుతుంది, ఆర్సీలో ఎక్కించుకోవాలి. వీలైతే పాత కేసుకే వెల్డింగ్ చేయించు. రెండోది, మా వైపు రాళ్ల దుమ్ములో ఫిల్టర్ లేకుండా సౌండు కోసం తిప్పే బళ్లు ఉన్నాయి, ఆ బోరు ఏడాది ఆగదు. ఫిల్టరూ దాని పెట్టె మూతా ఉన్నాయా చూసుకో.

మొదట మూడుసార్లు స్టార్ట్ చేసి, వేడెక్కగానే ఆపి, పూర్తిగా చల్లారాక హెడ్డు నట్లు మళ్లీ చూడు. మొదటి 500 కిలోమీటర్లు హైవే ఎక్కొద్దు. కావలి నుంచి నెల్లూరు దాకా ఒకే రేసులో పట్టుకుని పోతే కొత్త పిస్టన్ పట్టేస్తుంది. ఊళ్లోనే రేసు పెంచుతూ తగ్గిస్తూ తిప్పు.