మిద్దె తోట, కోళ్లు, ఇంటి పని: వీటి నడుమ మనసుకు నిమ్మళం ఎలా?

ప్రశ్న (బోడుప్పల్ నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. మాది హైదరాబాద్ బోడుప్పల్‌లో చిన్న సొంత ఇల్లు. మిద్దె మీద 60 గ్రోబ్యాగుల్లో తోటకూర, గోంగూర, వంగ, టమాట, సొర, బీర పెంచుతున్నాను. ఇంటి వెనక ఖాళీ జాగాలో 9 నాటు పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. ఆఫీసు నుంచి వచ్చాక మనసు తేలికపడుతుందన్న ఆశతోనే మూడేళ్ల కింద ఇదంతా మొదలుపెట్టాను.

ఇప్పుడు తెల్లవారి 5 గంటలకు లేచి, గూడు తలుపు తీసి, నీళ్ల గిన్నెలు కడిగి, జొన్నలు, నూకలు వేసి, మిద్దె ఎక్కి నీళ్లు పెట్టి, కిందికి దిగి పిల్లలకు టిఫిన్ డబ్బాలు కట్టేసరికే సగం అలసిపోతున్నాను. నల్లా నీళ్లు వచ్చే రోజైతే సంపు నింపుకొనే పని కూడా తోడవుతుంది. సాయంత్రం ఆకులు తిప్పి పిండినల్లి చూసుకోవాలి, ఎరువులు కలుపుకోవాలి, గూడు ఊడ్వాలి. పోయిన మే నెలలో నేను ఆఫీసులో ఉండగా గూటి మీది నీడ జరిగిపోయి, ఒక పెట్ట ఎండదెబ్బకు చనిపోయింది. అప్పటి నుంచి తోటలో నిలబడినా, కోళ్ల దగ్గర కూర్చున్నా, ఏదో మరిచిపోయానన్న గుబులే తప్ప నిమ్మళం లేదు. ఇంత పనిలోనూ మనసు కుదురుగా ఉంచుకుంటున్నవారు ఎలా ఉంచుకుంటున్నారో దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం (రాజేంద్రనగర్ నుంచి)

అమ్మా, ముందుగా ఆ పెట్ట సంగతి. కోళ్లకు చెమట పట్టదు. ఎండల్లో ఎక్కువగా నోరు తెరిచి రొప్పడం ద్వారానే అవి ఒంటి వేడిని తగ్గించుకుంటాయి కాబట్టి, మన ఊరి మే నెల మధ్యాహ్నాల్లో ఒక్క గంట నీడ తప్పినా వాటి ప్రాణం మీదికి వస్తుంది. గూటికి పడమటి వైపు తడిపిన గోనె పట్టా కట్టి, కుండ మూకుళ్లలో నీళ్లు రెండు చోట్ల పెట్టండి. జరిగినదానికి ఇన్నాళ్లుగా మీరు మోస్తున్న నేరభావం మాత్రం దించుకోవలసినదే.

నేను 14 ఏళ్లుగా కోళ్లు, కూరగాయలు పెంచుతున్నాను. ఒకప్పుడు నాదీ మీ పరిస్థితే. ఒక వారం పాటు చేసిన ప్రతి పనినీ నోటు పుస్తకంలో రాసి చూసుకుంటే, వాటిలో మొక్కా కోడీ అడిగిన పనులు సగమైనా లేవు. మూడు రోజులకొకసారి ఒక ద్రావణం, చుట్టాల తోటలో చూసి తెచ్చుకున్న కొత్త విత్తనాలు, గుడ్డు పెట్టిందా అని రోజుకు నాలుగుసార్లు గూటికి వెళ్లి చూడటం, ఇవన్నీ నేను కల్పించుకున్నవి. ఒక గుడ్డుకూ మరో గుడ్డుకూ నడుమ పెట్టకు ఇంచుమించు 25 గంటలు పడుతుంది కనుక, గుడ్డు పెట్టే వేళ రోజురోజుకూ కొంత ఆలస్యమవుతుంది. ఇది తెలిశాక సాయంత్రం ఒక్కసారే వెళ్తున్నాను. కోళ్ల రెట్టను రోజూ మొక్కలకు వేయడం కూడా మానుకున్నాను. పచ్చి రెట్ట వేళ్లను మాడుస్తుంది కాబట్టి, దాన్ని ఎండుటాకులతో కలిపి డ్రమ్ములో వేసి, మూడు నాలుగు నెలలు బాగా మాగనిచ్చాకే వాడుతున్నాను. బ్యాగులకు టైమరుతో డ్రిప్ పెట్టుకుంటే మీకు పొద్దున చాలా సమయం మిగులుతుంది.

టీకాలు మాత్రం వాయిదా వేయవద్దు. కోడిపిల్లలకు 5 నుంచి 7 రోజుల వయసులో కొక్కెర తెగులుకు (రాణిఖేత్‌కు) లసోటా టీకా చుక్కలు వేయించి తీరాలి. మా రాజేంద్రనగర్‌లోనే ఉన్న కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజ, గ్రామప్రియ అయినా, మీ నాటు కోళ్లయినా, ఈ విషయంలో తేడా లేదు.

రెండో సమాధానం (మల్కాజిగిరి నుంచి)

పై మిత్రుడు చెప్పినదానితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. మే 25 ప్రాంతంలో రోహిణి మొదలై, జూన్ 8 ప్రాంతంలో మృగశిర ప్రవేశించేదాకా కొత్తగా ఏదీ విత్తకుండా, సగం బ్యాగుల మట్టిని ఎండుగడ్డి కప్పి విశ్రాంతిగా వదిలేయండి. మట్టికీ మేలే, మీకూ మేలే.

ఇక నిమ్మళం గురించి ఒక మాట చెప్పాలి, తల్లీ. సొర పువ్వు సాయంత్రం పూట విచ్చుకుంటుంది. మిద్దెల మీదికి దాని దగ్గరికొచ్చే రెక్కల పురుగులు తక్కువ కావడంతో, చాలా పిందెలు పుప్పొడి అందక పసుపుబారి రాలిపోతాయి. అందుకని నేను పొద్దు గుంకే వేళ మిద్దె ఎక్కి, ఒక మగపువ్వు తుంచి, తెల్లని రేకలను మెల్లగా వెనక్కి వంచి, కింద చిన్న పిందె ఉన్న ఆడపువ్వు నడిబొడ్డుకు ఆ పుప్పొడి అద్దుతాను. ఈ పనిని మధ్యాహ్నమే ముగించుకుందామంటే పువ్వు విచ్చుకోదు, రేపు పొద్దున చూద్దామంటే వాడిపోయి ఉంటుంది. ఆ వేళ చేయి వణికితే పుప్పొడి రాలిపోతుంది కాబట్టి, ఆ పది నిమిషాలూ నా ఊపిరి కూడా నెమ్మదిస్తుంది. నా భార్య చనిపోయిన ఏడాదిలో నేను మనిషిగా నిలబడింది ఆ వేళల వల్లనే. వేళను మొక్క నిర్ణయించే పనుల్లో తొందరపడటానికి మనకు చోటే ఉండదని అప్పుడు అర్థమైంది.

మూడో సమాధానం (ఎల్.బి. నగర్ నుంచి)

పనులు తగ్గించుకోవడం సరే గాని, రెండింటిలో ఒకటి వదులుకోవడం కూడా తప్పు కాదని నా అభిప్రాయం. నేను నా 6 కోళ్లను ఊళ్లో మా అన్నయ్య వాళ్లింటికి ఇచ్చేశాను. మొదటి వారం తెల్లవారుజామున చెవులు వాటి కోసమే వెతికాయి. తోట ఒక్కటే మిగిలాక దాన్ని శ్రద్ధగా చూసుకోగలుగుతున్నాను.

అడిగినవారి మాట (10 రోజుల తర్వాత)

అందరికీ కృతజ్ఞతలు. అక్కా, మీ సలహా గురించి రెండు రోజులు ఆలోచించాను, కానీ కోళ్లను ఇవ్వడానికి మనసు ఒప్పలేదు. 60 బ్యాగుల్లో 32 మాత్రమే ఉంచి, మిగిలినవాటికి గడ్డి కప్పాను. ద్రావణాలన్నీ మానేసి, పిండినల్లి కనిపించినప్పుడు మాత్రం లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీళ్లు కలిపి చల్లుతున్నాను. గూటికి గోనె పట్టా కట్టాను.

బాబాయ్ గారూ, పొద్దు గుంకగానే పువ్వుల పని ముగించుకొని, వెనక జాగాలో ఒక పీట వేసుకొని కూర్చుంటున్నాను. కోళ్లను గూటికి తోలవలసిన పని లేదని ఇన్నేళ్లూ గమనించనే లేదు. వెలుతురు తగ్గుతుంటే మొదట ముసలి పెట్ట లోపలికి వెళ్తుంది, దాని వెనక మిగిలినవి వెళ్లి కర్ర మీద ఒకదాన్నొకటి ఒత్తుకొని సర్దుకుంటాయి. పుంజు అన్నిటికన్నా చివర వెళ్తుంది. అప్పుడు లేచి తలుపు వేస్తున్నాను. 6 రోజుల కింద పుప్పొడి అద్దిన సొర పిందె పసుపుబారలేదు. ఒళ్లంతా నూగుతో, జానెడు పొడవు పెరిగి పందిరికి వేలాడుతున్నది.