అప్‌డేట్: సీఐలో మాత్రమే ఫెయిలవుతున్న ప్లేరైట్ టెస్టులు

మా వెబ్ అప్లికేషన్‌కు ప్లేరైట్‌తో (బ్రౌజర్‌ను ఆటోమేటిక్‌గా నడిపి వెబ్‌సైట్లను పరీక్షించే టూల్) రాసిన టెస్టులు నా కంప్యూటర్‌లో ఎప్పుడూ పాసవుతూ, సీఐలో (కోడ్ మారినప్పుడు టెస్టులను వేరే మెషిన్‌లో ఆటోమేటిక్‌గా నడిపే వ్యవస్థ) మాత్రం ఒకసారి పాసై మరోసారి ఫెయిలవుతున్నాయని, కారణం ఎలా పట్టుకోవాలని ఇంతకుముందు అడిగాను. ట్రేస్ (టెస్టు నడిచినప్పుడు ఒక్కో స్టెప్పులో ఏం జరిగిందో చూపే రికార్డు) ఆన్ చేసి చూడమన్న సలహాయే దారి చూపింది, అందుకు కృతజ్ఞతలు.

ఫెయిలైన టెస్టు ట్రేస్‌ను తెరిచి ఒక్కో స్టెప్పూ పరిశీలించగా, ‘ఆర్డర్ సేవ్ అయింది’ అన్న మెసేజ్ తెర మీదకు రాకముందే టెస్టు దాని కోసం చూసి ముందుకు వెళ్లిపోతోందని, సీఐ మెషిన్ నెమ్మదిగా నడవడం వల్లనే ఆ తేడా అక్కడ బయటపడుతోందని స్పష్టంగా తెలిసింది. ఫలానా ఇన్ని సెకన్లు ఆగమని చెప్పే లైన్లన్నీ తీసేసి, ఎలిమెంట్ కనిపించేదాకా మళ్లీ మళ్లీ చూసే ఎక్స్‌పెక్ట్ అసర్షన్లు (ఆశించిన ఫలితం వచ్చిందో లేదో చూసే తనిఖీలు) పెట్టాను. వాటి డిఫాల్ట్ గడువు 5 సెకన్లు, మాకు అది సరిపోయింది.

రెండో కారణం, సమాంతరంగా నడిచే టెస్టులన్నీ ఒకే యూజర్ అకౌంటును పంచుకోవడం. ఇప్పుడు ప్రతి టెస్టూ తన యూజర్‌ను తానే సృష్టించుకుంటోంది.

రీట్రైలు (ఫెయిలైన టెస్టును మళ్లీ నడపడం) పెంచమని కూడా కొందరు సూచించారు గానీ, అవి అసలు లోపాన్ని కప్పిపుచ్చుతాయని నా అభిప్రాయం. అందుకే సీఐలో ఒక్క రీట్రై మాత్రమే, అదీ ట్రేస్ దొరకడం కోసమే ఉంచాను.